తీరిన బాకీకి రాసిన పద్దులు

సంఘంలో లేచి సాక్ష్యం చెప్పమని ఎవరైనా అడిగితే చాలా ఏళ్ళు ఏదో ఒక వంక పెట్టి తప్పించుకున్నాను. సాక్ష్యాలకు ఒక తీరు ఉంటుంది కదా. తాగుడు మానినవాళ్ళు, చావు అంచుదాకా వెళ్ళి వచ్చినవాళ్ళు, జైలు చూసి వచ్చినవాళ్ళు లేచి నిలబడి ప్రభువు నన్ను విడిపించాడని చెబుతుంటే వినేవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి. నా దగ్గర అలాంటి కథ లేదు. విశ్వాసుల ఇంట్లో పుట్టాను, పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను, ఒళ్ళు బాగా లేకపోతే తప్ప ఆదివారం ఆరాధన మానలేదు. నన్ను దేని నుంచి విడిపించాలి? "నా భక్తి నుంచి" అని చెబితే ముందు వరుసలోని పెద్దలు ఏమనుకుంటారో. కానీ జరిగింది దాదాపు అదే.

నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఒకటి అంటే తప్పు, పద్నాలుగేళ్ళలో పదకొండు నిండాయి. వృత్తిరీత్యా నేను లెక్కలు చూసే మనిషిని. ఎవరి చిట్టాలో ఎక్కడ ఒక్క అంకె తేడా ఉన్నా పట్టుకోవడం నా పని. ఆ విద్యనే దేవుని ముందు కూడా ప్రదర్శించాను. పేజీకి నిలువుగా మూడు గీతలు, నాలుగు గడులు: తేదీ, తప్పు, ఒప్పుకున్నానా, సరిదిద్దుకున్నానా. మూడో గడిలో టిక్కు పడితేనే దీపం ఆర్పేదాన్ని.

ఆ పద్దులు ఎలాంటివో ఒకటి రెండు చెబుతాను. "ఎదురింటావిడ కనిపిస్తే చూడనట్టు నడిచాను." "ఒంట్లో బాగా లేదన్నాను, ఒట్టి విసుగు మాత్రమే." "ప్రార్థనలో మనసు ఆఫీసుకు పోయింది, రెండుసార్లు." ఆ "రెండు" కొట్టేసి "మూడు" అని దిద్దిన గుర్తు ఇప్పటికీ ఉంది, ఎందుకంటే రెండా మూడా అని ఆలోచిస్తూ ఆ రాత్రి పన్నెండు దాటేవరకు కూర్చున్నాను. ఆరో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఐదో గడి అవసరమైంది: "మనస్ఫూర్తిగా ఒప్పుకున్నానా?" నోటితో ఒప్పుకోవడం వేరు, నిజంగా నొచ్చుకుని ఒప్పుకోవడం వేరు కదా అనే అనుమానం. దానికి టిక్కు పెట్టాక, ఆ నొచ్చుకోవడం పాపం గురించా, శిక్ష భయం గురించా అని ఇంకో అనుమానం. ఆరో గడికి పేజీలో చోటు లేక ఆగిపోయాను గానీ, ఉంటే గీసేదాన్నే.

ఈ భయానికి మొదలు ఎక్కడుందో నాకు తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు రాకడ గురించి, అంటే క్రీస్తు తిరిగి వచ్చి తనవాళ్ళను తీసుకుపోవడం గురించి, ఒక ప్రసంగం విన్నాను. ఇద్దరు స్త్రీలు తిరుగలి విసరుచుందురు, ఒకతె తీసికొని పోబడును, ఒకతె విడిచిపెట్టబడును. ప్రసంగికుడు ఆ మాటలు పదేపదే చెప్పి, "ఈ రాత్రే వస్తే?" అని ఆగాడు. తరువాతి వారం బడి నుంచి వచ్చేసరికి ఇంటి తలుపు తీసి ఉంది, లోపల ఎవరూ లేరు. అమ్మా అని పిలిచాను. పలకలేదు. వాళ్ళందరినీ తీసుకుపోయారు, నన్ను వదిలేశారు అనుకున్నాను. అమ్మ పెరట్లో బట్టలు ఆరవేస్తోంది. ఆమె లోపలికి రావడానికి పట్టింది రెండు నిమిషాలే. సంఘంలో పెరిగిన పిల్లల్లో ఆ రెండు నిమిషాలు అనుభవించనివాళ్ళు ఎందరుంటారో నాకు అనుమానమే. నేను మాత్రం ఆ రెండు నిమిషాల్లోనే పాతికేళ్ళు బతికాను. పాపం చేయకూడదని కాదు, విడువబడకూడదని.

ప్రభువు బల్ల దగ్గర, అంటే ఆరాధనలో క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, పాత్ర తీసుకునే చోట, ఈ వ్యవహారం బయటపడింది. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్న అపొస్తలుడు పౌలు మాటను నేను నా నోటుపుస్తకానికి ఇచ్చిన అనుమతిపత్రంగా చదువుకున్నాను. శనివారం రాత్రి వారం పద్దులన్నీ చూసుకుని, అన్ని గడులూ నిండితేనే మరునాడు రొట్టె ముట్టేదాన్ని. నిండని వారాలు ఎక్కువవుతూ వచ్చాయి. ఒక ఆదివారం పాత్ర నా చేతికి వచ్చింది. నేను దాన్ని పట్టుకుని, తల వంచుకుని, తాగకుండా పక్కనున్న ఆమెకు అందించాను. అది వరుసగా ఐదో నెల.

ఆ రోజు ఆరాధన అయ్యాక అమ్మగారు నన్ను ఆగమన్నారు. మా సంఘ కాపరి అయ్యగారి భార్య. ప్రసంగాలు చేసే మనిషి కాదు. ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉందో మాత్రం అయ్యగారి కంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

"ఐదు నెలలుగా పాత్ర దాటవేస్తున్నావు. ఏమైందమ్మా?"

"నేను యోగ్యురాలిని కాదు అమ్మగారూ."

"అవును, కావు," అన్నారు ఆమె. ఓదారుస్తారనుకున్నాను. "నేనూ కాను. ఆ వచనం పూర్తిగా చదివావా?"

చదవడమేమిటి, కంఠతా వచ్చు. అప్పగించాను: "కాబట్టి ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." చెబుతుండగానే గొంతు ఆగింది. పరీక్షించుకుని మానవలెను అని అక్కడ లేదు. పరీక్షించుకుని తినమని ఉంది. పైన ఉన్న మాట కూడా "అయోగ్యముగా" తినడం గురించి. అంటే ఎలా తింటున్నామన్న సంగతి. కొరింథులో ఉన్నవాళ్ళు లేనివాళ్ళ కోసం ఆగకుండా తమ భోజనం తాము కానిచ్చేసేవారు, ఒకడు ఆకలితో ఉంటే ఒకడు మత్తులో ఉండేవాడు. పౌలు మందలించింది దాన్ని. నేనేమో దాన్ని నా ప్రార్థనలో మనసు చెదిరిన లెక్కలకు అంటించుకున్నాను.

నోటుపుస్తకం సంగతి ఆ రోజే ఆమెకు చెప్పాను. నవ్వుతారని భయపడ్డాను. నవ్వలేదు. పుస్తకం చూపించమని కూడా అడగలేదు. ఇంటికి వెళ్ళి మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని అప్పుపడ్డ దాసుడి ఉపమానం చదవమన్నారు. "క్షమించడం గురించి చదవకు. నువ్వు లెక్కల మనిషివి కదా, లెక్క కట్టి చదువు," అన్నారు.

కట్టాను. ఆ ఉపమానం మొదలే "తన దాసులయొద్ద లెక్క చూచుకొనగోరిన యొక రాజు" అని ఉంటుంది, కాబట్టి నాకు సొంత ఇంట్లోకి వెళ్ళినట్టే అనిపించింది. మొదటి దాసుడి అప్పు పదివేల తలాంతులు. ఒక తలాంతు ఆరువేల దేనారములు. దేనారము కూలివాడి ఒక రోజు జీతం. అంటే 6 కోట్ల రోజుల కూలి. ఒక్క రోజు సెలవు తీసుకోకుండా, ఒక్క దేనారము ఖర్చు పెట్టకుండా పనిచేసినా తీర్చడానికి 1,64,000 ఏళ్ళు పైబడి పడుతుంది. ఆ మనిషి రాజు ముందు సాగిలపడి ఏమన్నాడు? "నాయెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును." లక్షా అరవై నాలుగు వేల ఏళ్ళు!

నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఆగింది. ఎందుకంటే అది నా ప్రార్థన. పద్నాలుగేళ్ళుగా ప్రతి రాత్రి నేను దేవునికి చెప్పింది అదే: కాస్త ఓర్చుకో, రేపటి నుంచి సరిగ్గా ఉంటాను, అంతా చెల్లిస్తాను.

ఇంకో సంగతి అంతకు ముందెప్పుడూ గమనించలేదు. వాడు అడిగింది గడువు. రాజు ఇచ్చింది గడువు కాదు, "వాని అప్పు క్షమించెను." వాడు ఆ మాట విన్నాడా? బయటికి రాగానే తనకు వంద దేనారములు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు ఎందుకు పట్టుకున్నాడు? వాడి దుర్మార్గం అని ప్రసంగాల్లో చెబుతారు, నిజమే. కానీ లెక్కల కంటితో చూస్తే నాకు ఇంకోటి కనిపించింది. వాడు ఇంకా తనకు గడువే దొరికిందనుకుంటున్నాడు. వసూళ్ళు మొదలుపెట్టాడు. బాకీ తీరిపోయిన మనిషి బాకీదారుడిలాగే బతుకుతున్నాడు. ఇది వ్యాఖ్యానకర్తలు ఒప్పుకునే అర్థమో కాదో నేను చెప్పలేను గానీ, ఆ రాత్రి ఆ అర్థం నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు.

తరువాతి కొన్ని వారాలు రోమీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం మీద పడ్డాను. అక్కడ "ఎంచబడెను" అన్న మాట వెనుక ఉన్న గ్రీకు క్రియ వ్యాపారపు లెక్కల్లో ఖాతాలో జమకట్టడానికి వాడే మాట. ఆ ఒక్క అధ్యాయంలోనే అది 11 సార్లు వస్తుంది. పౌలు నాకు అర్థమయ్యే భాషలోనే మాట్లాడుతున్నాడు, నేనే ఇన్నాళ్ళు వేరే భాష అనుకున్నాను. "పని చేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు." అంటే నేను సంపాదించి జమ చేసుకుంటే దేవుడు నాకు బాకీ పడాలి. నా గడులన్నీ నిండిన రాత్రులు నాకు కలిగిన తృప్తి సరిగ్గా అలాంటిదే: ఈ రోజుకు నీకు నాకు చెల్లు. ప్రేమించే తండ్రితో ఏ బిడ్డా అలా అనదు.

కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. మన మీద ఋణంగా ఉన్న "పత్రమును మేకులతో సిలువకు కొట్టి, దానిమీది చేవ్రాతను తుడిచివేసి" అంటాడు. చేవ్రాత. ఆ కాలంలో బాకీదారుడు తన చేత్తో తాను రాసి ఇచ్చే పత్రానికి గ్రీకులో ఉన్న పేరే అక్కడ వాడాడు. పదకొండు పుస్తకాల నిండా ఉన్నది నా చేవ్రాతే. ఆయన తుడిచిన దాన్ని నేను రాత్రిళ్ళు కూర్చుని శుద్ధప్రతి రాస్తున్నానన్న మాట.

ఈ జబ్బు నాకొక్కదానికే లేదని తెలియడం కూడా కొంత మేలు చేసింది. తర్వాతి రోజుల్లో ప్రొటెస్టెంటు ఉద్యమాన్ని మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ 1505లో ఎర్‌ఫర్ట్‌లోని అగస్టీనియన్ మఠంలో చేరాక ఒక్కోసారి 6 గంటలపాటు పాపాలు ఒప్పుకునేవాడని చెబుతారు. బయటికి వచ్చి, ఇంకోటి గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళేవాడట. ఆయనకు అవతలి ఒడ్డున, కథోలికుల పక్షాన నిలిచిన లొయోలా ఇగ్నేషియస్ 1522లో మొన్‌సెరాట్‌లో మూడు రోజులపాటు తన జీవితంలోని పాపాలన్నీ రాసి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మన్రేసాలో ఉండగా, ఏదో వదిలేశానన్న అనుమానం పట్టుకుని ప్రాణం తీసుకోవాలన్నంత బాధ పడ్డాడు. సంఘాన్ని రెండుగా చీల్చిన వాదంలో చెరో పక్క ఉన్నవాళ్ళు ఈ ఒక్క విషయంలో ఒకే గదిలో కూర్చుని ఉండవచ్చు. ఇలాంటి మనోవేదనకు లాటిన్‌లో ఉన్న మాటకు అర్థం సన్నని పదునైన రాయి అని చదివాను. చెప్పులో రాయి! మనకు ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పైకి ఎవరికీ కనిపించదు, నడిచేవాడికి మాత్రం అడుగడుగునా తెలుస్తుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. కొందరిలో ఇది విశ్వాసం సమస్యగా మాత్రమే ఉండదు, వైద్యం అవసరమైన స్థితి అవుతుంది. మానసిక వైద్యులకు ఇది బాగా తెలిసిన సంగతే. అమ్మగారే నన్ను డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళమన్నారు, వెళ్ళాను, కొన్ని నెలలు మందులు వాడాను. ప్రార్థిస్తే చాలదా అని అడిగినవాళ్ళు సంఘంలో ఉన్నారు. కంటికి అద్దాలు పెట్టుకుని వాక్యం చదివేవాళ్ళే ఆ ప్రశ్న అడగడం నాకు కొంచెం వింతగా తోచింది.

ఇక పుస్తకాల సంగతి. వాటిని తగలబెట్టాలని నాకు బలంగా అనిపించింది. మంట, పొగ, కన్నీళ్ళు, చివరికి నాకూ ఒక సాక్ష్యం. అమ్మగారికి చెబితే, "తగలబెట్టు, తప్పేముంది. కానీ ఆ రాత్రి నువ్వు ఇంకో పుస్తకం తీసి 'పుస్తకాలు కాల్చాను' అని రాసి టిక్కు పెట్టకుండా ఉండగలవా?" అన్నారు. ఉండలేను. అలాగే అటక మీద పెట్టేశాను.

ఆ మరుసటి నెలలు విడుదల పొందిన నెలల్లా లేవు. రాయకుండా పడుకున్న మొదటి రాత్రి తలుపుకు గడియ పెట్టకుండా నిద్రపోయినట్టు ఉంది. నాలుగు రోజులు బాగుండేది, ఐదో రోజు తెల్లవారుజామున లేచి చిత్తుకాగితం వెనుక రాసేదాన్ని. అప్పుడు మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ గురించి చదవడం నన్ను నిలబెట్టింది. ఆయన గంట గంటకూ తన ఆత్మస్థితిని సంకేతాలతో డైరీలో రాసుకున్న మనిషి, ఆ లెక్కన నాకు పెద్దన్నయ్య. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూడికలో, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగా తన హృదయం వింతగా వెచ్చబడిందని, తన పాపాలు క్షమించబడ్డాయన్న నిశ్చయం కలిగిందని ఆయన రాసుకున్నాడు. ఇది అందరూ చెప్పేదే. 1739 జనవరి మొదటి వారంలో, అంటే ఎనిమిది నెలలు కూడా తిరగకముందే, తాను క్రైస్తవుణ్ణి కానని ఆయనే రాసుకున్న సంగతి అంతగా ఎవరూ చెప్పరు. నాకు మే నెల కంటే ఆ జనవరే ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

అసలు కష్టం అటక దగ్గర మొదలైంది. ఏదో పాత కాగితం కోసం ఎక్కి, చేతికి తగిలిన ఒక పుస్తకం తెరిచాను. ఈసారి భక్తురాలిగా కాకుండా ఎవరో పరాయివాళ్ళ చిట్టా తనిఖీ చేస్తున్నట్టు చదివాను. పది పేజీలకే తేడా కనబడింది. అమ్మ మంచం పట్టిన ఏడాది అది. అన్నయ్య ఆ ఏడాదంతా రెండుసార్లే వచ్చాడు. ఆ తర్వాత ఆరేళ్ళు నేను వాడితో మాట్లాడలేదు. ఫోను చేస్తే తీయలేదు. అమ్మ పోయిన రోజున కూడా ముఖం తిప్పుకున్నాను. ఎదురింటావిడను చూడనట్టు నడిచినందుకు పద్దు రాసిన మనిషి, అన్నయ్య గురించి ఒక్క వాక్యం రాయలేదు. మిగతా పుస్తకాలు కూడా దించి చూశాను. పదకొండింటిలోనూ ఎక్కడా లేదు. చిల్లర లెక్కలు కచ్చితంగా రాసి అసలు అప్పు దాచేసిన చిట్టాలు ఉద్యోగంలో ఎన్నో చూశాను. అలా రాసేవాళ్ళు ఎప్పుడూ చాలా శుభ్రంగా రాస్తారు.

కృప అంటే ఇక ఏం చేసినా ఫరవాలేదనా అని నన్ను అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. పౌలును కూడా ఆ ప్రశ్న అడిగారు, ఆయన జవాబు రోమా పత్రిక ఆరో అధ్యాయంలో ఉంది. నా విషయంలో జరిగింది ఆ ప్రశ్నకు పూర్తిగా తలకిందులు. భయంతో లెక్క రాసినన్నాళ్ళు పెద్ద తప్పును చూసే ధైర్యమే లేదు, చూస్తే మొత్తం మునిగిపోతానని. ఇక ఏ శిక్షావిధీ లేదన్న మాట కాస్త లోపలికి దిగాకే దాన్ని వెలుతురులో పెట్టి చూడగలిగాను.

వంద దేనారములు చిన్న మొత్తమేమీ కాదు. మూడు నెలల పైచిలుకు కూలి. అన్నయ్య చేసింది చిన్న విషయమని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను, ఉపమానం కూడా అలా అనదు. కానీ ఆ మొత్తాన్ని నేను వసూలు చేసి ఎక్కడ కట్టాలి? నా మీద బాకీ లేనప్పుడు ఆ వసూళ్ళు ఎవరి కోసం? ఇది అర్థమయ్యాక కూడా ఫోను చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

చేశాను. వాడు "ఎవరు?" అన్నాడు. నా నంబరు వాడి దగ్గర లేదు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అన్నయ్యా, ఇన్నేళ్ళు నీతో మాట్లాడకపోవడం నా తప్పు."

"సరేలే. పిల్లలు బాగున్నారా?" అన్నాడు.

అంతే. అమ్మ ఊసు వాడు ఎత్తలేదు, క్షమించమని అడగలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు కోపంగానే ఉన్నాను. ఇన్ని రోజులు కూడగట్టుకున్న మాటలన్నీ అలాగే మిగిలిపోయాయి. ఆ కోపం ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వచ్చినప్పుడు, సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని యేసును అడిగిన పేతురు లెక్క, డెబ్బది ఏడుల మారులన్న జవాబు గుర్తొచ్చి, పేతురూ నాలాంటివాడే అనిపిస్తుంది. ఇప్పుడు నెలకోసారి మాట్లాడుకుంటాం. ఎక్కువగా పిల్లల చదువుల గురించి.

పోయిన నెల మొదటి ఆదివారం బయలుదేరే హడావుడిలో మా చిన్నదాని మీద అరిచాను. తప్పు దానిది కాదు, నాకు ఆలస్యమైంది, అంతే. దారిలో క్షమించమని అడగాలనుకున్నాను, అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది, నాకు మాట రాలేదు. ఆరాధనలో కూర్చున్నాక ఆ ముఖమే కళ్ళ ముందు ఉంది. బల్ల సిద్ధమైంది. పాత అలవాటు కొద్దీ వేళ్ళు కదిలాయి, కలం కోసం వెతికినట్టు. పక్కకు వంగి దాని చెవిలో, "పొద్దున నేను అరవకుండా ఉండాల్సింది, నన్ను క్షమించు," అన్నాను. అది తల ఊపిందో, నిద్రకు తూగిందో తెలియలేదు. రొట్టె తీసుకున్నాను. పాత్ర వరుసలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ నా దాకా వచ్చింది. తాగి, పక్కనున్న ఆమెకు అందించాను.